గుమ్మానికి కొట్టిన నాడా ఎవరిని వేలెత్తి చూపుతుంది?

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో బజారు వెంట నడిస్తే దుకాణాల దర్వాజలకు దారాన గుచ్చిన నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ వేలాడుతుంటాయి. కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ, కొన్నిచోట్ల నల్లదారంతో కట్టిన పటిక. వాటి నడుమ అక్కడక్కడ దర్వాజ పైకమ్మికి మేకులతో కొట్టిన గుర్రపు నాడా. మిగతావాటి గురించి ఎవరూ సంజాయిషీ అడగరు, ‘దిష్టికి’ అంటే చాలు. నాడా దగ్గరికి వచ్చేసరికి మాత్రం చదువుకున్నవాళ్లు రెండు రకాల జవాబులు చెబుతారు. ఇంగ్లీషు దొరల దగ్గర నేర్చుకున్న అలవాటని కొందరు, ఇనుములోని శక్తిని మన పెద్దలు ఏనాడో కనిపెట్టారని ఇంకొందరు. రెండూ నిలిచే మాటలు కావు. ఈ ప్రాంతపు నాడా వెనక దొరల రాకతో పనిలేని నమ్మకాలు ఉన్నాయి. ఆ నమ్మకాలకు ఇనుము గుణం తెలియకపోయినా, ఇంట్లో ఎవరు ఏ రోజుల్లో ప్రాణాపాయంలో ఉంటారో బాగా తెలుసు. భయం నిజమైనదే, దానికి చెప్పుకున్న కారణమే తప్పు. కాబట్టి ఇలాంటి నమ్మకాన్ని నిజమా అబద్ధమా అని మాత్రమే తూచి వదిలేస్తే సగం పనే అవుతుంది. ఆపదకు కారకులుగా అది ఎవరిని చూపిస్తోందన్నది కూడా తూచాలి.

ముందు దొరల సంగతి. ఇంగ్లీషు రచయిత జాన్ ఆబ్రీ 1696లో అచ్చయిన తన పుస్తకంలో లండన్ పడమటి భాగాన చాలా ఇళ్ల గడపలకు నాడాలు ఉన్నాయని రాశాడు. నౌకాదళపతి నెల్సన్ తన యుద్ధనౌక ‘విక్టరీ’ తెరచాప స్తంభానికి నాడా కొట్టించాడని చెబుతారు. ఇవాళ ఇంగ్లీషు పెళ్లి కార్డుల మీద అచ్చయ్యే వెండిరంగు నాడా అదృష్టానికి గుర్తు కావచ్చు గానీ, ఆబ్రీ కాలంలో అది మంత్రగత్తెలు లోపలికి రాకుండా పెట్టిన కాపలా. అంతకు కొద్ది ఏళ్ల ముందు, 1691లో, రాబర్ట్ కిర్క్ అనే స్కాట్లాండ్ మతగురువు తన కొండప్రాంతపు జనం నమ్మకాలను పుస్తకంగా రాశాడు. ప్రసవ వేదన పడుతున్న స్త్రీ పడకలో రొట్టె, బైబిలు, లేదంటే ఇనుపముక్క పెడతారనీ, లేకపోతే కంటికి కనిపించని జనం ఆమెను ఎత్తుకుపోతారని భయమనీ అందులో ఉంది. ఆ కనిపించని జనమే ఫెయిరీలు. పిల్లల సినిమాల పుణ్యమా అని ఫెయిరీ అనగానే మనకు సీతాకోకచిలుక రెక్కల చిన్నారి తలపుకు వస్తుంది. కిర్క్ ఊరివాళ్లకు ఆ పేరే గుండెదడ. పసిబిడ్డను మాయం చేసి ఆ స్థానంలో తమ రోగిష్టి బిడ్డను పడుకోబెట్టి పోతారని స్కాట్లాండ్, ఐర్లాండ్ పల్లెల్లో నమ్మేవారు. అంటే యూరపులో కూడా ఇనుము మొదట చేసిన పని కీడును ఆపడం. అదృష్టాన్ని పిలవడం తర్వాత వచ్చి చేరింది.

ఇక మన బాలింత గది చూద్దాం. బాలింత తల దగ్గరో మంచం కిందో కొడవలి, కత్తి, ఏదీ లేకపోతే ఒక ఇనుపముక్క పెట్టడం తెలంగాణ పల్లెల్లో పాత అలవాటు. పెళ్లికొడుకు చేతిలో కొసకు నిమ్మకాయ గుచ్చిన కటారు ఉంటుంది. రాత్రిపూట మాంసం కూర ఇంకో ఇంటికి పంపితే గిన్నెలో బొగ్గుముక్కో మేకో పడేస్తారు. మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. వీటిలో ఒక్కటీ దొర నేర్పిన పని కాదు. బాలింత గదిలోకి దొర వచ్చింది లేదు, అతని పుస్తకం అసలే రాలేదు. ఇనుము కొత్త లోహంగా వచ్చిన రోజుల్లో పుట్టిన బెరుకే ఇలాంటి నమ్మకాలకు మూలమని మానవశాస్త్రవేత్త ఫ్రేజర్ ఊహించాడు. ఆ ఊహ ఇక్కడ అంతగా అతకదు. కామారెడ్డికి ఉత్తరాన, నిజామాబాద్ జిల్లాలో ఉన్న కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసేవారు. దాన్ని కొనడానికి పారశీక వర్తకులు అంతదూరం వచ్చేవారని 19వ శతాబ్దపు మొదటి పాదంలో అక్కడ తిరిగిన భూగర్భ శాస్త్రవేత్త వాయిసీ రాశాడు. డమాస్కస్ కత్తుల పేరుతో లోకమంతా పొగిడింది ఇలాంటి ఉక్కునే. ఇనుము కొలిమిలో ఎలా కరుగుతుందో, ఎలా వంగుతుందో కళ్లారా చూసిన నేల ఇది. తెలియని లోహం అన్న బెరుకుకు ఇక్కడ చోటు తక్కువ. తెలియనిది వేరే ఉంది: పుట్టిన బిడ్డ పదిరోజుల్లో ఎందుకు చనిపోతోంది?

ఈ ప్రశ్నకు మన వైద్య గ్రంథాలు ఇచ్చిన జవాబు యూరపు ఫెయిరీ కథలకు ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంటుంది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో పసిపిల్లలను పట్టే 9 గ్రహాలు చెప్పారు. స్కందుడు, శకుని, రేవతి, పూతన, నైగమేషుడు వాటిలో కొన్ని. శకుని అంటే పక్షి. పసిబిడ్డకు ‘పక్షి దోషం’ తగిలిందని పల్లెల్లో ఇప్పటికీ వినిపించే మాటకు తాత ఎక్కడున్నాడో దీన్నిబట్టి ఊహించవచ్చు. పూతన కథ అందరికీ తెలిసిందే: అందమైన స్త్రీగా గడపదాటి లోపలికి వచ్చి, బిడ్డను ఒళ్లోకి తీసుకుని విషపు పాలిస్తుంది. కిర్క్ చెప్పిన జనానికి మన పురాణాల్లో సరైన జోడీ కొలనులో స్నానమాడే దేవకన్యలు కారు, పూతనే. దేవకన్యల చీర దాచినవాడికి పెళ్లి జరుగుతుంది, ఆ కథల్లో ఇనుముకు పనే లేదు. బాలనాగమ్మ కథ కూడా ఈ భయాల వరసలోదే. తొట్టెలో పసివాడు ఉండగా, బిచ్చానికి వచ్చిన మాయల ఫకీరు తల్లిని ఎత్తుకుపోతాడు. గడప, పసిబిడ్డ, బాలింత, బయటినుంచి వచ్చిన వేషధారి. స్కాట్లాండ్ కొండల్లోనూ మంజీర ఒడ్డునా భయం ఇదే కూర్పులో కనిపిస్తుంటే ఒకరి దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారనుకోనక్కర్లేదు. రెండు చోట్లా బాలింతలు, పసికందులు ఒకే తీరున చనిపోయేవారు.

ఆ చావుల్లో ఒకదాన్ని వైద్యం తర్వాతి కాలంలో పేరుపెట్టి పట్టుకుంది. పుట్టిన కొద్దిరోజులకు బిడ్డ పాలు పట్టలేక, దవడలు బిగుసుకుని, ఒళ్లు విల్లులా వంగిపోయి చనిపోవడం ధనుర్వాతం. దాని బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. బొడ్డుతాడు కోసిన పనిముట్టు ద్వారానో, బొడ్డుకు రాసిన మసి, పేడ ద్వారానో లోపలికి పోతాయి. పొలంలో గడ్డికోసిన కొడవలితోనే బొడ్డు కోసిన ఇళ్లు ఎన్నో. ఇక్కడ ఆలోచించాల్సిన విషయం చేదుగా ఉంటుంది. బిడ్డను గ్రహం నుంచి కాపాడమని మంచం కింద పెట్టిన కొడవలి, కొన్ని ఇళ్లలో ఆ బిడ్డ ప్రాణం తీసిన కొడవలి ఒకటే అయి ఉంటుంది. ఆపద ఎప్పుడొస్తుందో తల్లులకు తెలుసు, ఏ గదిలోకి వస్తుందో తెలుసు. ఏ వస్తువు మీద ఎక్కి వస్తుందో మాత్రం తెలియలేదు. గర్భిణులకు ధనుర్వాతం టీకాలు, శుభ్రమైన బ్లేడు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక 2015లో మన దేశం తల్లులకూ నవజాత శిశువులకూ వచ్చే ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. గ్రహాలు వాటంతటవే వెనక్కి తగ్గాయి.

ఇంతవరకూ చెప్పింది ఇనుము గురించి. నాడాకే ఆ గౌరవం ఎందుకు దక్కిందన్నది వేరే ప్రశ్న. ఇనుమే చాలనుకుంటే మన పల్లెల్లో గుర్రపు నాడా కన్నా ఎద్దు నాడా వందరెట్లు సులువుగా దొరికేది. బండెద్దులకు, చీలిన గిట్ట కాబట్టి, కాలికి రెండు చొప్పున నాడాలు కొట్టేవారు. వాటిని దర్వాజకు కొట్టినవాళ్లు అరుదు. గుర్రం ఊరి దొరది, దేశ్‌ముఖ్‌ది, సర్కారు సవారుది. దాని డెక్కల చప్పుడంటే అధికారం. దానికన్నా పెద్ద కారణం పీర్ల పండుగ. ఏలూరువాడైన జాఫర్ షరీఫ్ రాయగా హెర్క్‌లాట్స్ ఇంగ్లీషు చేసి 1832లో లండన్‌లో అచ్చువేయించిన ‘కానూన్-ఎ-ఇస్లాం’ దక్కను ముస్లింల ఆచారాలకు తొలి సమగ్ర వివరణల్లో ఒకటి. మొహర్రంలో నాడా ఆకారంలో చేసిన నాల్ సాహెబ్‌ను కర్రకు బిగించి పరుగున ఊరేగించడం, బిడ్డలు లేని స్త్రీలు కొడుకు పుడితే ఆ ఊరేగింపు వెంట పరుగెత్తిస్తామని మొక్కుకోవడం అందులో ఉంది. హైదరాబాద్ పత్తర్‌గట్టీలోని నాల్-ఎ-ముబారక్ ఆలంలో ఇమాం హుస్సేన్ శిరస్త్రాణపు ముక్క ఉందని భక్తుల విశ్వాసం. ఆకారం మాత్రం నాడాదే. జనం నోట అది కర్బలా యుద్ధంలో ఆయన ఎక్కిన గుర్రానిదిగా కూడా చెల్లుతోంది. తెలంగాణ పల్లెల్లో అసన్న, ఊసన్నల పీర్లకు ఊదు వేసి, దట్టీలు కట్టి, మలీద పంచేవాళ్లలో హిందువులే ఎక్కువ ఉన్న ఊళ్లు కొల్లలు. పీర్ల కొట్టంలో ప్రతి ఏటా నాల్ సాహెబ్‌కు మొక్కిన చేయి దర్వాజ మీద నాడాను పరాయి వస్తువుగా చూస్తుందా? ఒకటి ఇంకొకటిని పుట్టించిందని అనడం అతి. కాని దొర పుస్తకం తెరవకముందే నాడాకు ఈ నేల మీద మొక్కు ఉంది, సంతానంతో ముడిపడిన మొక్కు.

రెండో జవాబు, అదే ‘ఇనుములో శక్తి’ అన్నది, ఇవాళ్టి ఇంటిముందు నిలబడితే చాలు, కూలిపోతుంది. స్లాబు నిండా ఇనుప చువ్వలు, కిటికీలకు గ్రిల్లు, ముందు ఇనుప గేటు, మెట్లకు ఇనుప పట్టాలు. ఇనుమే దయ్యాన్ని ఆపేదైతే సిమెంటు ఇల్లు కట్టినవాడు జన్మలో మళ్లీ భయపడకూడదు. అయినా అదే ఇంటికి నాడా కొడుతున్నారంటే పని చేస్తోంది లోహం కాదు. నిమ్మకాయా మిరపకాయలూ ఘాటుకు పురుగులు రాకుండా కడతారన్న వాదం కూడా ఇంతే. పురుగులకు శనివారం తెలియదు, వాడిన నిమ్మకాయను నాలుగు దారులు కలిసేచోట పడెయ్యాల్సిన పనీ లేదు. నాడా అసలు వరస తెలియాలంటే కామారెడ్డి పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల వెనక చూడాలి. నంబరు ప్లేటు కింద పాత చెప్పు వేలాడుతుంటుంది. కట్టుబడి నడుస్తున్న ఇళ్లకు కూడా చెప్పు, చీపురు, వికారపు బొమ్మముఖం కడతారు. అన్నీ అరిగినవో, నల్లనివో, ఘాటైనవో, పనికిరానివో. చూసేవాడి కన్ను మంచివాటి మీద పడకుండా వీటి మీద పడాలి, అదీ లెక్క. గుర్రపు నాడా కూడా అరిగిపోయిన చెప్పే, కాకపోతే గుర్రానిది. అందుకే కొత్త నాడా పనికిరాదు, తొక్కి తొక్కి అరిగిందే కావాలన్న షరతు ఉంది. మన దర్వాజ మీద అది దిష్టి బొమ్మ కులానికి చెందింది, లక్ష్మీదేవి పాదాల కులానికి కాదు.

ఇక్కడే ఒక ఆక్షేపణ రావాలి. నల్ల గుర్రపు నాడాతో చేసిన ఉంగరం వేళ్లకు పెట్టుకునేవాళ్లు అదృష్టం కోసమే కదా పెట్టుకుంటున్నారు? నిజమే, కాని అక్కడ తర్కమే వేరు. జ్యోతిషంలో ఇనుము శనికి ఇష్టమైన లోహం. ఏలినాటి శని నడిచే ఏడున్నరేళ్లు ఆయన్ను చల్లబరచడానికి ఉంగరం. మంచం కింద కొడవలి కీడును తరిమేది, శని ఉంగరం కీడు చేయగలవాడిని బుజ్జగించేది. ఒకే ఇనుము ఒకచోట ఆయుధం, ఇంకోచోట లంచం. రెండూ ఒకేసారి నిజం కాలేవు, అయినా ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి. ఈ పొత్తు నుంచి లాభం తీసింది అంగడి. అరిగిన నాడా, నాడాలు కొట్టే నాల్‌బంద్ దగ్గర ఉత్తపుణ్యానికి దొరికే చెత్త. దానికి ‘అసలైన నల్ల గుర్రానిది’ అన్న ముద్ర వేశాక ధర వచ్చింది. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి దాదాపు 3.4 లక్షలే, అంతకు ముందు 2012 గణనతో పోలిస్తే సుమారు 45 శాతం తక్కువ. వాటిలో నల్లవి ఎన్ని, ఆ నల్లవాటి నాడాల్లో అమ్మేవాళ్లు చెప్పే కుడి ముందరి కాలివి ఎన్ని? ఆన్‌లైన్ అంగళ్లలో మాత్రం సరుకుకు కొరత రాదు. గుర్రాలు తగ్గేకొద్దీ నాడాలు పెరిగే ఈ లెక్కను గురించి కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు.

నమ్మకం ఎక్కడ బలపడుతుందో చెప్పడానికి మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల్లో చూసింది ఇప్పటికీ పనికొస్తుంది. ఉప్పుటేటి లోతట్టున, పట్టు ఖాయంగా దొరికే చోట, జాలర్లు మంత్రం ఊసెత్తరు. నడి సముద్రానికి వెళ్లేముందు తంతు లేకుండా పడవ కదలదు. కామారెడ్డి జిల్లాలోనే ఆ తేడా చూడొచ్చు. 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు నీళ్లు ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల పొలాలకు కాలువల్లో వస్తాయి. కాలువ కింది రైతు నీటి కోసం అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరగడు. దోమకొండ, మాచారెడ్డి వైపు మెట్టలో భూమి కింద గట్టి రాయి, నీరు ఉంటే దాని పగుళ్లలోనే. ఒక బోరు పడితే పంట, పడకపోతే అప్పు. అక్కడ టెంకాయ నిలబడుతుంది, వేపపంగ తిరుగుతుంది. రైతు అక్కడ మూర్ఖుడు, ఇక్కడ వివేకి అని దీనర్థం కాదు. అనిశ్చితి ఎంతో తంతు అంత. గల్ఫుకు విమానం ఎక్కే కొడుకు చేతికి తల్లి కట్టే తాయెత్తు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

అయితే ధైర్యం ఇస్తే మంచిదే కదా, నమ్మకం పని చేసినట్టే కదా అని అడిగేవాళ్లున్నారు. గౌరవించదగ్గ వాదనే ఇది. 2010లో జర్మనీలో లైసాన్ డామిష్, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. ‘ఇది అదృష్టపు బంతి’ అని చెప్పి ఇచ్చినప్పుడు గోల్ఫ్ ఆడినవాళ్లు ఎక్కువసార్లు గురి కొట్టారని తేలింది. పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. 2014లో కాలిన్-జేగ్మన్, కాల్డ్‌వెల్ ఎక్కువమందితో దాన్నే తిరిగి చేస్తే ఆ తేడా కనిపించలేదు. సరే, కొంత ధైర్యం వస్తుందనే అనుకుందాం. గురికొట్టడంలో ధైర్యం పనికొస్తుంది, రాతి పగులు ఎక్కడుందో చెప్పడంలో పనికిరాదు. ధైర్యంతో నాలుగో బోరు వేసిన రైతుకు ఆ ధైర్యమే నష్టం.

నష్టం విషయం వచ్చింది కాబట్టి అసలు తూకం దగ్గరికి రావాలి. దర్వాజకు కొట్టిన నాడా ఎవరినీ వేలెత్తి చూపదు. దయ్యానికి పొరుగింటి చిరునామా ఉండదు. మూర్ఛవాడి చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఆసుపత్రికి పోవడం ఆలస్యమైతే తప్ప హాని లేదు. కాని అదే ఇనుమును కాల్చి, కామెర్లు వచ్చిన పసిబిడ్డ పొట్టమీద వాత పెట్టినప్పుడు నమ్మకం బిడ్డ ఒంటి మీదికి దిగింది. దిష్టి ఇంకొంచెం ముందుకు పోతుంది: కన్ను ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, చూపు పిల్లలు లేని స్త్రీ మీదికో విధవ మీదికో మళ్లుతుంది. పేరంటానికి పిలవకపోవడంతో మొదలై బాణామతి దగ్గర అది పూర్తవుతుంది. మెదక్, నిజామాబాద్ ప్రాంతాల్లో చేతబడి చేశారన్న నెపంతో మనుషులను కట్టేసి కొట్టడం, మంత్రం పలకకుండా పళ్లు పీకడం, చంపడం జరిగాయి. నాడానుంచి బాణామతికి దారి ఉందనడం అన్యాయమని కొందరు అంటారు. దారి ఉందని నేనూ అనను. నాడా కొట్టినవాళ్లలో నూటికి నూరుమందీ ఎవరి జోలికీ పోరు. కాని రెండింటికీ ఆపద బయటినుంచి పంపబడిందన్న ఊహే పునాది. పంపినవాడికి ముఖం లేనంతసేపు ఆ ఊహ ఇంట్లోనే పడి ఉంటుంది. ముఖం దొరికిన రోజు ఊరు లేస్తుంది.

ఫెయిరీలకు మనిషి ముఖం లేదు కాబట్టి యూరపు నమ్మకం సురక్షితమని అనుకోవడానికీ వీల్లేదు. 1895లో ఐర్లాండ్‌లోని టిప్పరరీలో బ్రిజెట్ క్లియరీ అనే 26 ఏళ్ల స్త్రీ జబ్బుపడింది. ఈమె తన భార్య కాదు, ఫెయిరీలు మార్చిపెట్టిన బొమ్మ అని నమ్మిన భర్త, బంధువులు చూస్తుండగా ఆమెను కాల్చేశాడు. కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. అక్కడ అనుమానం పొరుగువాళ్ల మీదికి పోలేదు, జబ్బుపడిన మనిషి మీదికే తిరిగింది. పక్షి దోషమనీ గాలి సోకిందనీ పసిబిడ్డకు వాతలు పెట్టే చోట కూడా జరిగేది ఇదే. లోపల ఉన్నది బిడ్డ కాదు గ్రహం అనుకున్నాక చేయి వణకదు.

అలా లేచే చేతిని ఆపే చట్టాలు మన పొరుగునే ఉన్నాయి. ఈ జిల్లాలో మద్నూర్ దాటితే మహారాష్ట్ర, జుక్కల్ పక్కన కర్ణాటక. మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య జరిగిన 2013లోనే మహారాష్ట్ర, 2017లో కర్ణాటక ఆ చట్టాలు చేశాయి. తెలంగాణలోనూ కావాలని హేతువాద, జనవిజ్ఞాన సంఘాలు అడుగుతున్నాయి. ఆ రెండు చట్టాలూ గుమ్మానికి కట్టిన నిమ్మకాయ జోలికి పోవు. ఒంటిని హింసించడం, భూతవైద్యం పేరుతో కొట్టడం, మోసగించి దోచుకోవడం మీదే శిక్ష. మూఢనమ్మకంలో సగాన్ని వదిలేశారని కొందరు హేతువాదులకు వీటి మీద అసంతృప్తి ఉంది. గీత గీసిన చోటు సరైనదే అనిపిస్తుంది, ఎందుకంటే అది మనసులోని భయం దగ్గర కాక చేయి లేచిన చోట ఉంది. గీతకు ఇవతలా అవతలా కాకుండా జారిపోయేవాడు ఒక్కడే, శని నాడా అమ్మేవాడు. 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం తాయెత్తులు, కవచాలను కూడా మాయ చికిత్సల కిందే లెక్కవేసి, ఆ చట్టం పేర్కొన్న రోగాలను అవి నయం చేస్తాయని ప్రకటించడాన్ని నేరం చేసింది. అదృష్టం కలిసొస్తుంది, వ్యాపారం పెరుగుతుంది అని చెప్పి అమ్మడం ఆ చట్టం కిందికి రాదు. ఈ నాడాల ప్రకటనల్లో రోగం మాట తక్కువగా, అదృష్టం మాట ఎక్కువగా వినిపించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.